దొంగకి రెండు, నిప్పుకి మూడు

మా ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు నేను గోడ మీద ఉన్నాను. ఒక కాలు వీధి వైపు, ఇంకో కాలు మేం కోస్ అనే ఆడపిల్లల అద్దెగదుల ఇంటి పెరటి వైపు. రెండు చేతులూ గోడని పట్టుకోవడానికే సరిపోయాయి కాబట్టి నూడుల్స్ పొట్లం ఉన్న సంచీని పళ్ళతో కరిచి పట్టుకున్నాను.

కింద ఆయన. తల మీద మోటార్ సైకిల్ హెల్మెట్, నడుముకి గళ్ళ లుంగీ, చేతిలో టార్చి. ఆ వెలుతురు నా మొహం మీద పడకుండా సరిగ్గా పొట్లం మీద పడింది.

"ఎవరది?"

నోట్లో పొట్లం ఉన్న మనిషి ఏమని చెబుతుంది. "ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే ఎవరు?"

"ఊఊఁ."

ఆయన రెండడుగులు వెనక్కి వేసి, లుంగీ ఎగ్గట్టి, వీధి చివర గస్తీ పాక వైపు పరుగు తీశాడు.

నేను చదువుకునే సలాతిగా ఊళ్ళో కాలేజీ చుట్టూ ఉన్న వీధులన్నిటికీ గస్తీ ఉంటుంది. రాత్రయితే వంతుల వారీగా నలుగురైదుగురు మగవాళ్ళు పాకలో కూర్చుని, టీ తాగుతూ, డామినో ఆడుకుంటూ, మధ్యమధ్యలో వీధి చుట్టి వస్తారు. అక్కడ గది తీసుకున్న కుర్రాళ్ళకీ వంతు తప్పదు. పాక చూరుకి కెంతొంగన్ వేలాడుతూ ఉంటుంది. వెదురు గంట అనుకోండి. దాని మోతలకి భాష ఉంది. ఒక్కొక్కటిగా నెమ్మదిగా మోగితే ఎవరో పోయారని. రెండేసి మోగితే దొంగ. మూడేసి మోగితే నిప్పు. చంటిపిల్లలకి కూడా తెలుసు. మా నాన్న మా ఊళ్ళో గస్తీ పెద్ద. నేను జోలపాటలకంటే ఆ మోతలు వింటూనే ఎక్కువ నిద్రపోయాను.

కాబట్టి పాక దగ్గర్నుంచి టక టక టక, టక టక టక అని వినబడగానే ఉండబట్టలేకపోయాను. పొట్లం ఒళ్ళో పెట్టుకుని అరిచాను.

"మూడు కాదు మాస్. దొంగకి రెండు. మూడంటే నిప్పు."

మోత ఆగింది. టార్చి నా వైపు తిరిగింది.

"రెండా?"

"రెండేసి. మధ్యలో కాస్త ఆగి."

"థాంక్స్ మ్బక్" అన్నాడు, అక్కగారూ అన్నట్టు. నిజంగా, మనస్ఫూర్తిగా అన్నాడు. అని, రెండు కొట్టడానికి కర్ర ఎత్తాడు.

అప్పటికే తలుపులు తెరుచుకున్నాయి. వీధి వీధంతా బకెట్లతో దిగింది. "నిప్పెక్కడ, నిప్పెక్కడ" అని అందరూ ఆయన్నే అడుగుతున్నారు. నిప్పు లేదు, దొంగ ఉంది అని చెప్పడానికి ఆ గోలలో సందు దొరకక, ఆయన కర్ర ఎత్తి నా వైపు చూపించాడు.

వీధి నా మీద నీళ్ళు పోసింది. ఎదురింటివాళ్ళ బకెట్టు, పక్కింటివాళ్ళ చెంబు, ఎవరిదో బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె. అన్నిటికంటే ఆఖర్న మా కోస్ ఓనరు బు మార్ని, అంటే మార్ని అమ్మగారు, మొక్కలకి నీళ్ళు పెట్టే పైపుతో లోపలి వైపు నుంచి. ఆవిడ ఆపమన్నా ఆపలేదు. నన్ను గుర్తుపట్టాక ఇంకొంచెంసేపు పట్టింది.

"ఏమే అరుమ్, నీ గది లోపలుంది, మంచం లోపలుంది, నువ్వేంటి గోడ మీద?"

"మ్యాచ్ చూడ్డానికెళ్ళాను బు. బుర్జో నూడుల్స్ కొట్లో టీవీ పెట్టారు."

"అర్ధరాత్రి బంతి ఎవరాడతారే?"

"యూరప్‌లో ఇంకా సాయంత్రమే బు."

"అయితే వెళ్ళి యూరప్‌లో అద్దెకుండు."

అందరూ నవ్వారు. హెల్మెట్ ఆయన మాత్రం నవ్వలేదు. కింద నిలబడి, తడిసిన నూడుల్స్ పొట్లం అందుకోవడానికి చేయి చాచాడు. నేను అందించలేదు. పొట్లం విడిచిపెట్టాను. అది హెల్మెట్ మీద పడి పగిలింది.

మా పెళ్ళి ఫోటోల్లో ఒకదాంట్లో ఆయన నవ్వు చూసినవాళ్ళు, ఇంత నెమ్మదైన మనిషి నీకెలా దొరికాడే అని అడుగుతున్నారు. ఏం చెప్పను.

*

తెల్లవారగానే బు మార్ని మా ఊరికి ఫోన్ చేసింది. వోనోసొబో పైన కొండవాలులో మా నాన్నకి బంగాళాదుంపల తోట. ఆయన ఎవరి మీదా గట్టిగా అరవడు. అందుకే ఆయన మాట్లాడితే భయం.

"అర్ధరాత్రి గోడ మీంచి పడితే ఆ ఊళ్ళో నిన్ను చూసేదెవరు అమ్మడూ? ఎవరున్నారక్కడ మనకి?"

"పడలేదు నాన్నా."

"పడితే అంటున్నాను."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"దుంపలు తవ్వడం అవగానే వస్తాను. సెమరాంగ్‌లో అత్త ఇంట్లో ఉండి చదువుకో. కాలేజీ కూడా అక్కడికే మార్పిద్దాం."

అత్త మంచిదే. కానీ అత్త ఇంట్లో ఎనిమిదింటికి దీపాలార్పేస్తారు. టీవీ మీద లేసు గుడ్డ కప్పి, దాని మీద గాజు హంసని పెడతారు. ఆ హంసని ఎవరూ కదపకూడదు. పైగా మూడో ఏడు సగంలో కాలేజీ మారితే ఒక సంవత్సరం గంగలో కలిసినట్టే. నా స్నేహితులు, చలి రాత్రుల్లో అల్లం నీళ్ళలో తేలే రోందె ఉండలు, అర్ధరాత్రి గోల్ పడితే బుర్జో కొట్టు బల్లలన్నీ ఒక్కసారి ఎగిరిపడటం, అన్నీ పోతాయి.

ఇదంతా ఆ హెల్మెట్ వల్ల. ఆయన పేరు పాంజీ అని, లెక్కల పంతులు కావడానికి చదువుతున్నాడని, సురబాయా నుంచి వచ్చాడని మధ్యాహ్నానికే కనుక్కున్నాను. తిట్టాలంటే పేరు తెలియాలి కదా.

శనివారం సాయంత్రం మా కోస్‌లో అబ్బాయిలు ముందు వరండాలో కూర్చోవచ్చు. తొమ్మిది వరకే. తలుపు తెరిచి ఉండాలి. తలుపు లోపల బు మార్ని కుర్చీ వేసుకుని, టీవీ మాట వినబడకుండా చేసి, సీరియల్ చూస్తూ ఉంటుంది. సీరియల్లో వాళ్ళ మాటలు ఆవిడకి అక్కర్లేదు, వరండాలో మాటలు కావాలి.

ఆ శనివారం పాంజీ వచ్చాడు.

"ఎవరి కోసం?" అంది బు మార్ని.

"మ్బక్ అరుమ్‌కి క్షమాపణ చెప్పడానికొచ్చానండీ బు."

"శనివారం సాయంత్రం తల దువ్వుకుని వచ్చేవాళ్ళందరూ ఏదో ఒకటి చెప్పడానికే వస్తారు. కూర్చో. ఆ కుర్చీ కాదు, నాకు కనబడే కుర్చీ."

నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఒక పొడుగాటి వస్తువు ముందుకి తోశాడు.

"ఏంటిది?"

"గొడుగు."

"అది తెలుస్తోంది."

"ఈసారి ఎవరైనా నీళ్ళు పోస్తే..."

"ఈసారా? ఇంకోసారి కూడా కొడతారా మీరు?"

"కొట్టాలి మ్బక్. పాక్ జుమాది రోజూ రాత్రి నాకే గస్తీ వేశారు. మోతలన్నీ వచ్చేదాకా."

పాక్ జుమాది, అంటే జుమాది గారు, మా వీధిపెద్ద. సైకిల్ షాపు ఆయనది. రాత్రుళ్ళు గస్తీలో ఎప్పుడూ ఉంటాడు, ఇంట్లో కంటే అక్కడే ప్రశాంతంగా ఉంటుందని.

"వచ్చేదాకా అంటే, ఎవరు నేర్పుతారు?"

పాంజీ బల్ల మీద గీతలు చూస్తూ చెప్పాడు. "దొంగకి తెలిసిన పాటి గస్తీవాడికి తెలియకపోతే ఎలా, వెళ్ళి ఆవిడ దగ్గరే నేర్చుకో అన్నారు."

లోపల బు మార్ని దగ్గింది. అది నవ్వు అని నాకు తెలుసు.

"మీ ఊళ్ళో గస్తీ లేదా?"

"మా అపార్ట్‌మెంట్లకి గార్డుంటాడు. విజిల్ ఊదుతాడు. దానికి ఒకటే అర్థం."

"ఏమని?"

"తను ఇంకా నిద్రపోలేదని."

నేను నవ్వకూడదనుకున్నాను. నేనసలే నవ్వాపుకోలేను. ముక్కులోంచి వచ్చింది. ఆయన తలెత్తి చూశాడు. అంతవరకూ హెల్మెట్ కింద చూసిన మొహమే కదా, ఇప్పుడు చూస్తే కనుబొమలు ఒకటి పైకి, ఒకటి కిందకి. లోకం చెప్పేవన్నీ నమ్మాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు.

బు మార్ని బిస్కెట్ డబ్బా ఒకటి బయటికి విసిరింది. "దీని మీద కొట్టుకోండి. నా బల్ల మీద కొట్టారంటే ఇద్దర్నీ కొడతా."

*

లెక్కలు చదివే మనిషికి ఐదు వరకూ లెక్కపెట్టడం రాదంటే నమ్ముతారా. డబ్బా మీద మొదటి మూడు మోతలూ బాగానే కొట్టేవాడు. నేను "ఊఁ, బాగుంది" అనగానే తప్పేవాడు.

"నాలుగంటే?"

"వరద."

"ఐదంటే?"

"పశువుల దొంగతనం."

"అంతా భద్రం అని ఎలా కొట్టాలి?"

"ఒకటి. ఆగి ఏడు గబగబా. ఆగి ఒకటి."

"నోటితో వచ్చింది. ఇప్పుడు చేత్తో."

చేతికి రాలేదు. అసలు గస్తీలో కూడా రాలేదు. ఒక రాత్రి ఆయన భద్రం కొట్టబోయి ఐదేసి కొట్టాడు. మా వీధిలో ఆవు లేదు, మేక లేదు. అయినా పాక్ గినో తన పావురం పంజరాన్ని చంకలో పెట్టుకుని బయటికొచ్చి తెల్లవారేదాకా పాకలోనే కూర్చున్నాడు. ఇంకో రాత్రి నాలుగేసి కొట్టాడు. కొండ మీద ఊళ్ళో వరద ఏంటని కూడా ఎవరూ ఆలోచించలేదు. మూలింటి ముసలమ్మని భోజనాల బల్ల మీదికెక్కించేశారు. దింపడానికి పొద్దున్నే మళ్ళీ నలుగురు రావాల్సి వచ్చింది. ఆవిడ మాత్రం పైనుంచి వీధి బాగా కనబడుతోందని సంతోషించింది.

"మాస్ పాంజీ కొడితే ఏం కొట్టినా ఒకటే, బయటికి రావడమే" అని వీధిలో అందరూ అనుకోవడం మొదలుపెట్టారు.

కూరగాయల బండి దగ్గర పాక్ జుమాది నన్ను పక్కకి పిలిచాడు.

"నువ్వు మీ వరండాలో కూర్చుంటే పాకలోకి కనబడతావు. తెలుసా?"

"తెలీదు పాక్."

"మొన్న నీకు జ్వరమొచ్చి లోపల పడుకున్నావు చూడు. ఆ రాత్రి వాడు అన్నీ తప్పు లేకుండా కొట్టాడు. నేను విన్నాను." అని వంకాయ ఒకటి ఏరి నా బుట్టలో వేశాడు. "నేనేమీ అనట్లేదు. విన్నానంటున్నాను అంతే."

ఆ వంకాయ చాలాసేపు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. బండివాడు "కడిగే ఉంది మ్బక్" అన్నాడు.

ఆ వారమే పెద్ద మ్యాచ్. సీజన్‌లో ఆఖరుది. రాత్రిపూట గేటు దాటనని నాన్నకి మాటిచ్చాను. గది కిటికీ దగ్గర కూర్చుని, దూరంగా బుర్జో కొట్లోంచి వచ్చే కేకల్ని బట్టి ఎవరు గోల్ వేశారో ఊహించుకుందామని చెవులు రిక్కించి ఉన్నాను. వీధిలో ఏదో ఈడుస్తున్న చప్పుడు. చూస్తే, గస్తీవాళ్ళు పాకలో ఉండే చిన్న టీవీని బల్లతో సహా మోసుకొస్తున్నారు. వెనకాల పాంజీ, పాములా పొడుగ్గా వేలాడుతున్న వైరు పట్టుకుని. తెచ్చి మా గేటుకి ఎదురుగా పెట్టారు. టీవీ మొహం గేటు వైపు.

"గేటు దాటొద్దన్నారు కానీ గేటు లోపల స్టూలేసుకోవద్దని ఎవరూ అనలేదు కదా" అన్నాడు పాక్ జుమాది.

"ఇదెవరి ఆలోచన?"

అందరూ వైరు పట్టుకున్న మనిషిని చూశారు. ఆ మనిషి వైరుని చూశాడు.

నేను స్టూలు తెచ్చుకున్నాను. బు మార్ని కూడా కుర్చీ తెచ్చుకుంది, నన్ను కాపలా కాయడానికేనని రెండుసార్లు చెప్పింది. పావుగంటకి రెఫరీని వాళ్ళ నాన్న పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టింది. ఆ రెఫరీ ఎవరో ఆవిడకి తెలియదు, వాళ్ళ నాన్న అంతకన్నా తెలియదు. వేడి వేడి టెంపే బజ్జీలు గేటు ఊచల మధ్యలోంచి అటూ ఇటూ తిరిగాయి.

రెండో సగంలో వాన పట్టుకుంది. సలాతిగా వాన ముందు చెప్పి రాదు, ఎవరో పై అంతస్తులోంచి బకెట్టు తిరగేసినట్టు వస్తుంది. అందరూ చూరు కిందకి పరిగెత్తారు. పాంజీ పరిగెత్తలేదు. వరండాలోంచి నేను తెచ్చి ఇచ్చిన గొడుగు అందుకుని, విప్పి, టీవీ మీద పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు మొత్తం టీవీ మీదే. ఆయన మొత్తం వానలో. చొక్కా ఒంటికంటుకుపోయి, ముక్కు చివర్నుంచి నీళ్ళు కారుతూ, తను మాత్రం బొమ్మ చూడలేని చోట నిలబడి, "ఎవరి దగ్గరుంది బంతి?" అని నన్ను అడిగాడు.

ఎవరి దగ్గరుందో నాకు తెలియలేదు. నేను అటు చూడట్లేదు.

"గోల్ పడిందే పిచ్చిదానా" అని బు మార్ని నా వీపు మీద ఒక్కటిచ్చింది.

*

నాన్న దుంపల బస్తాతో వచ్చాడు. బస్తా బు మార్నికి ఇచ్చి, కుర్చీ అంచున కూర్చుని, టీ చల్లారేదాకా ముట్టుకోలేదు.

"సర్దుకున్నావా?"

"సర్దుకున్నాను." పెట్టె తలుపు దగ్గరే ఉంది. నేను సర్దుతుంటే బు మార్ని ఏమీ అనకుండా తన కొత్త తువ్వాలు తెచ్చి అందులో పెట్టింది. ఆవిడ అలా చేయడం నేను తట్టుకోలేకపోయాను.

"పొద్దున్న బస్సుకి పోదాం" అన్నాడు నాన్న.

ఆడపిల్లల కోస్‌లో మగవాళ్ళు పడుకోకూడదు, నాన్నలైనా సరే. అందుకని ఆ రాత్రి నాన్న గస్తీ పాకకి వెళ్ళాడు. గస్తీ పెద్దకి గస్తీ పాకలో పరాయితనం ఏముంటుంది. టీ తీసుకున్నాడు, డామినోలో పాక్ జుమాదిని ఓడించాడు, చూరుకి వేలాడే వెదురు గంటని వేలితో మీటి, "మంచి వెదురు" అన్నాడట. నేను గేటు ఊచలు పట్టుకుని చీకట్లో నిలబడి ఉన్నాను. నిద్ర ఎక్కడొస్తుంది.

"మా అమ్మాయి మీద నీళ్ళు పోయించింది ఎవరు?" అని నాన్న అడగడం వినబడింది.

పాంజీ లేచి నిలబడ్డాడు. "నేనే పాక్."

"దొంగకి ఎన్ని?"

"రెండు పాక్."

"ఇప్పుడు తెలుసా?"

"అప్పుడే చెప్పారండీ. గోడ మీంచి."

పాకలో ఎవరో నవ్వబోయి మింగేశారు. నాన్న నవ్వలేదు. వెదురు గంట కర్ర తీసి పాంజీ చేతిలో పెట్టాడు.

"పన్నెండు కావస్తోంది. భద్రం కొట్టు. వింటాను."

పాంజీ గేటు వైపు ఒకసారి చూశాడు. నేను గబుక్కున గోడ చాటుకి జరిగాను. నావల్ల తప్పిపోతే ఇంక నాన్న ముందు ఈ మనిషి తలెత్తలేడు. ఊచల సందులోంచి ఒక కన్నుతోనే చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

టక్. ఆగాడు. ఏడు గబగబా. ఆగాడు. టక్.

ఎంత బాగా కొట్టాడని. మా నాన్న కొట్టినట్టే కొట్టాడు. ఆ ఆఖరి మోత చీకట్లో సాగి సాగి కొండ వైపు పోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఇంత బాగా నేర్చుకున్నవాణ్ణి విడిచి నేను హంస బొమ్మ దగ్గరికి పోవాలా అని.

మోత ఇంకా పూర్తిగా ఆగనేలేదు. ఎదురింటి తలుపు తెరుచుకుంది.

పక్కింటి తలుపు. మూలింటి తలుపు. ఒక్కొక్కటిగా కాదు, అన్నీ ఒకేసారి. బకెట్లు, చెంబులు, టార్చీలు. పాక్ గినో పంజరంతో. మూలింటి ముసలమ్మని మనవలిద్దరూ కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. ఒకాయన ప్రార్థన టోపీ పెట్టుకుని తెల్లగుడ్డ తాను చంకలో పెట్టుకుని వచ్చాడు, ఎవరైనా పోయుంటే పనికొస్తుందని. బు మార్ని పైపు లాక్కుంటూ నన్ను దాటి గేటు తీసుకుని వెళ్ళిపోయింది. చీకట్లో నన్ను చూడనేలేదు.

"ఏమైంది? ఎక్కడ? నిప్పా, దొంగా?"

"ఏమీ కాలేదండీ" అన్నాడు పాంజీ. "భద్రం కొట్టాను."

"అదే కదా మా భయం. నువ్వు భద్రం కొట్టావంటే ఏదో కొంప మునిగే ఉంటుంది."

"నిజంగా భద్రమే. ఈసారి సరిగ్గా కొట్టాను."

ఎవరూ నమ్మలేదు. ఇంతలో బు మార్ని వెనక్కి తిరిగి, వీధంతా మోగేలా అడిగింది.

"అరుమ్ ఏదీ? గదిలో లేదు, మంచం ఖాళీగా ఉంది. అరుమ్‌ని చూశారా ఎవరన్నా?"

"అరుమ్ లేదా?" "గోడ మీద చూడండి." "గోడ మీద లేదు." "పెరట్లో నుయ్యి ఉంది, నుయ్యి చూడండి." "మ్బక్ అరుమ్." "ఒసే అరుమ్." అన్ని టార్చీలూ అన్ని వైపులకీ తిరిగాయి. పాక్ గినో పంజరం కింద పడేసి గోడెక్కేశాడు. ఆయనకి అరవై దాటాయి. పాంజీ ఐతే కర్ర విసిరేసి, నుయ్యి వైపు వెళ్ళబోయి లుంగీ కాళ్ళకడ్డం పడి బురదలో బోర్లా పడి, అలాగే లేచి పరిగెత్తాడు. నేను గేటు దగ్గర ఉన్నానని తెలిసిన ఒకే ఒక్క మనిషి. భయంలో అది కూడా మర్చిపోయాడు.

"ఇక్కడున్నాను" అన్నాను, గోడ చాటు నుంచి బయటికొచ్చి.

టార్చీలన్నీ ఒక్కసారి నా మొహం మీద పడ్డాయి. బు మార్ని వచ్చి నన్ను వాటేసుకుంది. వెంటనే విడిచిపెట్టి నెత్తి మీద మొట్టింది. ముసలమ్మ కుర్చీలోంచి, "పిల్ల చలికి వణుకుతోంది, కాస్త రోందె కాయండర్రా" అంది.

ఈ గోలలో నాన్న ఒక్కడే కదలకుండా పాక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆ బకెట్లని, పంజరాన్ని, గోడ మీంచి దిగలేక వేలాడుతున్న పాక్ గినోని, బురద కారుతున్న పాంజీని ఒక్కొక్కళ్ళనే చూశాడు.

"మా ఊళ్ళో నేను నిప్పు కొట్టినా ఇంతమంది రారు" అన్నాడు చివరికి. ఎవరితో అన్నాడో తెలియదు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

అందరూ వెళ్ళిపోయాక పాంజీ గేటు అవతల నిలబడ్డాడు. ఒక చెంప నిండా బురద.

"సరిగ్గా కొట్టాను కదా?"

"విన్నాను."

"మీరు పొద్దున్నే వెళ్ళిపోతే ఇంక అన్నీ సరిగ్గానే కొడతానేమో." గేటు ఊచ గోటితో గీకుతూ, "నాకు అలా ఇష్టం లేదు" అన్నాడు.

"నేను ఉండిపోతే వీధివాళ్ళ నిద్ర ఏం కావాలి మాస్?"

"వాళ్ళకి అలవాటైపోయింది."

నా చున్నీ కొస ఊచల మధ్యలోంచి ఇచ్చాను, చెంప తుడుచుకోమని. బురద లేని చెంప తుడుచుకున్నాడు. మా దగ్గర దారినపోయే కుర్రాణ్ణి పిలవాలన్నా మాసే, కట్టుకున్నవాణ్ణి పిలవాలన్నా మాసే. అంతవరకూ ఆయన్ని మొదటి రకంగానే పిలిచాను. ఆ రాత్రి ఏ రకంగా పిలిచానో నాకే తెలియలేదు.

*

పొద్దున్నే వరండాలో టీ. బు మార్ని నాన్న తెచ్చిన దుంపలే వేయించి పెట్టింది. నాన్న పాంజీని కూడా పిలిపించాడు. నా పెట్టె తలుపు దగ్గరే ఉంది. నాన్న దాన్ని కాలితో నెమ్మదిగా లోపలికి తోశాడు.

"బరువుగా ఉంది. మళ్ళీ సర్దాలంటే కష్టం. ఉండనీ" అన్నాడు.

నేను ఆయన మెడ పట్టుకోబోయాను. "టీ, టీ" అన్నాడు, ఒలికిపోతుందని. తర్వాత పాంజీ వైపు తిరిగాడు.

"మా ఊళ్ళో ఇంటికో మగవాడు గస్తీకి రావాలి. మా ఇంట్లోంచి నేనొక్కణ్ణే. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కూలి మనిషిని పెట్టడానికి ఊరు ఒప్పుకోదు. ఇంటి మనిషే రావాలి."

"అవును పాక్, కష్టమే" అన్నాడు పాంజీ, దుంప ముక్క నములుతూ.

"చదువయ్యాక నువ్వొస్తావా?"

"వస్తాను పాక్. ఏ రోజు రావాలి?"

బు మార్ని తొడ మీద చరుచుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. లోపల్నుంచి కుర్చీ పడిన చప్పుడు వినబడింది.

"ఇంటి మనిషే రావాలి అన్నారు మాస్" అన్నాను నేను, నేల చూస్తూ.

"విన్నాను. అందుకే అడుగుతున్నా, ఏ రోజు..." అని ఆగిపోయాడు. ఆ కనుబొమల్లో కిందది కూడా పైకెళ్ళింది. నమలడం ఆగింది. నా వైపు చూశాడు. నాన్న వైపు చూశాడు. నేను తల ఊపాను, చాలా చిన్నగా, నాన్నకి కనబడకుండా. నాన్నకి కనబడింది.

"బస్సుకి టైమైంది" అని లేచాడు నాన్న.

పాంజీ ఆయన చేతిసంచీ లాక్కుని, ఎదురుగా దొరికిన చెప్పుల్లో కాళ్ళు పెట్టేసి, అందరికంటే ముందు వీధిలోకి నడిచేశాడు. అవి బు మార్ని చెప్పులు. గులాబీ రంగువి, మీద పెద్ద పెద్ద పువ్వులున్నవి. ఆయన మడమలు సగం బయటే ఉన్నాయి. నేను చూశాను. నాన్న చూశాడు. సైకిల్ షాపు తీస్తున్న పాక్ జుమాది చూశాడు. బస్టాండుదాకా ఎవరం ఏమీ అనలేదు. ఆయన మాత్రం వచ్చే ఏడు ఉద్యోగం గురించి, ఉద్యోగం రాకపోతే ట్యూషన్ల గురించి, దుంపల తోటలో లెక్కల అవసరం గురించి ఆగకుండా నాన్నకి చెబుతూనే ఉన్నాడు. నాన్న ఊఁ కొడుతూనే ఉన్నాడు.

బస్సు కదిలింది. నాన్న కిటికీలోంచి తల బయటికి పెట్టి, అప్పుడు అన్నాడు.

"చెప్పులు బాగున్నాయి అల్లుడూ."